కొమ్ము పెట్టని మాట

ఆ పరిశోధనశాలలో ఆమెను అందరూ ప్రూఫమ్మ అనే పిలిచేవారు. హాజరుపట్టీలో తప్ప అసలు పేరు ఇంకెక్కడా కనిపించేది కాదు. ముప్పై ఏళ్లు ఒకే అచ్చుకూటంలో ప్రూఫులు దిద్దిన మనిషిని ఇంకేమని పిలుస్తారులే అని ఆమె కూడా నవ్వేసి ఊరుకునేది.

ఆ అచ్చుకూటంలోనే ఆమె తండ్రి సీసపు అక్షరాలు పేర్చే కంపోజిటరు. అరబీ నేర్చుకునేవాళ్లకు వాచకాలు, నిఘంటువులు, వ్యాకరణాలు అక్కడ అచ్చయ్యేవి. తల్లి చిన్నప్పుడే పోవడంతో, బడి వదలగానే ఆమె తిన్నగా తండ్రి దగ్గరికే వచ్చి అక్షరాల గూళ్ల పక్కన పీట వేసుకుని కూర్చునేది. అరబీ అక్షరాలు ఆమె మొదట చూసింది కాగితం మీద కాదు, కుడియెడమలు తారుమారైన సీసపు ముక్కల మీద. నల్లబడ్డ వేళ్లతోనే అన్నం తిని తండ్రిచేత తిట్లు తినేది.

అరబీ రాతలో ఒక చిక్కుంది. మామూలుగా రాసేటప్పుడు అక్షరాల ఒళ్లు మాత్రమే రాస్తారు. పొట్టి అచ్చుల గుర్తులు, అంటే మన లెక్కలో తలకట్టూ గుడీ కొమ్మూ, రాయకుండా వదిలేస్తారు. మనం ప, ల, క అని మూడక్షరాలు బోడిగా రాసి ఊరుకున్నామనుకోండి, అది పలకో, పలుకో, పిలకో చదివేవాడే తేల్చుకోవాలి. ఆ భాషలో పుట్టి పెరిగినవాళ్లు కళ్లు మూసుకుని తేల్చుకుంటారు. నేర్చుకునేవాళ్లకు మాత్రం వాచకాల్లో ప్రతి అక్షరం మీదా, కిందా ఆ గుర్తులు పొల్లుపోకుండా వేయాలి. నువ్వుగింజంత సీసపు గుర్తులు. ఒకటి జారితే మాట మారిపోతుంది. పదిహేనేళ్లు వచ్చేసరికి ఏ మాటకు ఏ గుర్తు పడాలో ఆమె వేళ్లకే తెలిసిపోయింది. తండ్రి పోయాక అదే అచ్చుకూటంలో ప్రూఫులు దిద్దే బల్ల దగ్గర కుదురుకుంది.

చిత్రమేమిటంటే, ఆమె ఎన్నడూ అరబీ మాట్లాడి ఎరగదు. మాట్లాడటానికి మనిషి దొరికితే కదా. భాషంతా కంటిలోనే ఉంది, నోట్లోకి దిగలేదు. పుస్తకం చూసి ఈత నేర్చుకున్నవాళ్లుంటే అచ్చం అలాగే ఉంటారని ఆమె భర్త వేళాకోళం చేసేవాడు. అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు.

అచ్చుకూటం మూతపడే నాటికి ఆమెకు నలభై ఆరేళ్లు. చివరి రోజుల్లో పాత నిఘంటువుల కోసం ఒక ప్రొఫెసరమ్మ వచ్చింది. అరబీని కంప్యూటరుచేత చదివించే పరిశోధన చేస్తున్నదట. పుస్తకాలు ఏరుకుంటూ ఏరుకుంటూ, బల్ల దగ్గర కూర్చుని కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చుకుని గుర్తులు దిద్దుతున్న ఈమెను చూసింది. పుస్తకాలతోపాటు మనిషినీ తీసుకుపోయింది.

పరిశోధనశాల అంటే మూడో అంతస్తులో రెండు గదులు. లోపలి గదిలో ఆ ప్రొఫెసరమ్మ, అందరికీ మేడమ్. బయటి గదిలో కిటికీ పక్కన ప్రూఫమ్మ, ఎదురుగా ప్రోగ్రాములు రాసే నలభై ఏళ్ల మనిషి. అతను ప్రతిదాన్నీ అంకెల్లో చెబుతాడు కాబట్టి అతనికి లెక్కలాయన అని పేరు పెట్టింది ఈమే. పని ఏమిటో మొదటి రోజు అతనే చెప్పాడు. కంప్యూటరుకు బుద్ధి లేదు, చూసింది చూసినట్టు నేర్చుకుంటుంది. ఈమె లక్ష మాటలకు గుర్తులు పెట్టి చూపిస్తే, లక్షా ఒకటో మాటకు అదే పెట్టుకుంటుంది. అయితే ఇది చంటిపిల్ల లాంటిదే, మనం తిడితే తిట్లే నేర్చుకుంటుంది అని ఆమె అన్నది. ఆ మాట లెక్కలాయనకు ఎంత నచ్చిందంటే, తర్వాత ఒక సభలో తన మాటగా చెప్పుకుని, తిరిగొచ్చి ఆ సంగతి తనే ఒప్పుకున్నాడు.

అలా అయిదేళ్లు గడిచాయి. వాక్యం తర్వాత వాక్యం, గుర్తు తర్వాత గుర్తు. కంప్యూటరు మెల్లమెల్లగా బోడి అక్షరాలకు తానే గుర్తులు పెట్టుకుని, అర్థం తేల్చి, మన భాషలోకి మార్చడం మొదలుపెట్టింది. నూటికి తొంభై ఆరు సరిగ్గా చదువుతున్నదని మేడమ్ వ్యాసం రాసింది. ఆ వ్యాసం చూసి కార్మికుల ఫిర్యాదుల కార్యాలయం వాళ్లు వచ్చారు. రేవు దగ్గర గోదాముల్లో అరబీ మాట్లాడే కూలీలు చాలామంది ఉన్నారు. వాళ్లు ఫోన్లలో టైపు చేసి పంపే ఫిర్యాదులను చదివి చెప్పే దుబాసీ రిటైరైపోయాడు. ఆయన స్థానంలో ఇంకొకరిని వేయకుండా, ఆరు నెలలు ఈ ప్రోగ్రామును వాడి చూస్తామన్నారు.

ఆ ఆరు నెలలూ పూర్తయ్యే గురువారం అది. సాయంత్రం నాలుగింటికి పెద్దల సమక్షంలో ఒప్పందం మీద సంతకాలు. ఇక ఆ కార్యాలయం శాఖలన్నిటిలోనూ ఈ ప్రోగ్రామే. మేడమ్ పొద్దుటే ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. ప్రూఫమ్మ చేతికి అరవై ఫిర్యాదుల కాగితాలిచ్చి, సాయంత్రం చెప్పడానికి తాజా లెక్క ఒకటి కావాలి, ఎన్ని తప్పులున్నాయో చూసిపెట్టమని చెప్పింది.

మధ్యాహ్నం ఒంటిగంటకు ఆమె ముప్పై ఒకటో కాగితం మీద ఆగిపోయింది.

పైన బోడి అక్షరాల్లో ఎవరో కూలీ పంపిన వాక్యం. కింద ప్రోగ్రాము పెట్టిన గుర్తులు. ఆ కింద తర్జుమా: “గోదాము తలుపు ముందు కొట్టాను, ఆమె పడిపోయేదాకా.”

ఆమె మళ్లీ పై వాక్యం చదివింది. మొదటి మాటలో నాలుగే అక్షరాలు. వాటి మీద తలకట్లు పెట్టి చదివితే ‘దరబ్తు’, అంటే నేను కొట్టాను. మొదటి అక్షరానికి కొమ్ము, రెండోదానికి గుడి పెట్టి చదివితే ‘దురిబ్తు’, అంటే నన్ను కొట్టారు. చివరి మాటా అంతే. ఒక రకంగా చదివితే ‘సకతత్’, ఆమె పడిపోయింది. ఇంకో రకంగా చదివితే ‘సకత్తు’, నేను పడిపోయాను. అక్షరాలు అవే. రాసినవాడు చెప్పింది, నన్ను పడిపోయేదాకా కొట్టారని కావచ్చు. యంత్రం విన్నది, నేను ఒక ఆడమనిషిని పడిపోయేదాకా కొట్టానని.

మామూలుగా ఆ కాగితాలు పంపేముందు కార్యాలయం వాళ్లు తమ నిర్ణయాలు రాసుకునే గడులు కోసేసి పంపుతారు. ఆ రోజు హడావుడిలో కోయలేదు. తర్జుమా పక్క గడిలో ‘నేరాంగీకారం’ అని ఉంది. ఆ పక్క గడిలో: ‘పని నుంచి నిలిపివేత. తుది విచారణ నేడు మ. 3 గం.’

ఆమె గోడ గడియారం చూసింది. మళ్లీ కాగితం చూసింది. తొందరపడకూడదని తనకు తానే చెప్పుకుంది. తప్పు పట్టేముందు మూడుసార్లు చూడమనేవాడు తండ్రి. మూడోసారి చూసినప్పుడు ఆమెకు ఇంకొకటి కనిపించింది. ఆమెను కొట్టానని చెప్పాలంటే ఆ మాట చివర ‘హా’ అనే తోక చేరాలి. ఇక్కడ తోక లేదు. ఎవరిని కొట్టాడో చెప్పకుండా ఎవడైనా కొట్టానని రాస్తాడా?

లెక్కలాయనను పిలిచి చూపించింది. అతను పెదవి కొరుక్కుంటూ తన బల్ల దగ్గరికి వెళ్లి ఏదో వెతికించాడు. ఇలాంటి మాటలు, అంటే కొట్టడం, తిట్టడం, తోసెయ్యడం, గెంటెయ్యడం, దోచుకోవడం లాంటివి ఉన్న వాక్యాలు కంప్యూటరు ఇంతవరకూ రెండువేల ఆరువందలు చదివింది. పక్కన ‘హా’ లాంటి తోక లేని వాటిలో ‘నన్ను’ అని ఎన్నిసార్లు చదివిందో తెర మీద అంకె వచ్చింది.

“సున్నా, అక్కా,” అన్నాడు. “ఒక్కసారి కూడా లేదు.”

“ఒక్కసారి కూడానా?”

“దానికి అలా చదవచ్చని తెలీనే తెలీదు. ఎవరో అలా చదవొద్దని నేర్పారు.”

ఎవరు నేర్పారో ఆమెకు అప్పటికే గుర్తొచ్చింది. బీరువాలోంచి గుర్తులు పెట్టేవాళ్ల సూచనల పుస్తకం తీసింది. మూడేళ్ల కిందటి పేజీ. అప్పట్లో ఆమెతోపాటు ఒక రిటైరైన మాస్టారు కూడా గుర్తులు పెట్టేవాడు. ఇలాంటి వాక్యాల దగ్గర ఇద్దరికీ లంకె కుదిరేది కాదు. ఆయన ఒకటి పెడితే ఈమె ఇంకొకటి. వ్యాసం పంపే గడువు ముంచుకొస్తున్నది, తేడాలు తగ్గించాలని మేడమ్ తొందరపెడుతున్నది. అప్పుడు ఈమే ఒక సూత్రం చెప్పింది. ఆ సూత్రం ఈమె గుండ్రటి చేతిరాతలోనే ఉంది: ‘వాక్యంలో వేరే ఆధారం లేనప్పుడు తలకట్టే పెట్టాలి.’ ఆ నెల నాలుగువేల వాక్యాలు ఆ సూత్రంతోనే చకచకా సాగిపోయాయి. తేడాలు తగ్గాయి. అందరూ మెచ్చుకున్నారు. మాస్టారు ఒక్కడే, అనుమానం ఉన్నచోట అనుమానం ఉందని రాయాలి కదమ్మా అని గొణిగాడు. ఆయన చాదస్తం అనుకుంది తను.

పుస్తకం పట్టుకుని లోపలి గదిలోకి వెళ్లింది. మేడమ్ సాయంత్రం చదవాల్సిన ప్రసంగం దిద్దుకుంటున్నది. ఈమె చెప్పినదంతా విన్నది, పేజీ చూసింది, ముఖం మాడ్చుకోలేదు. ఇది పెద్ద లోపమేనని, తప్పక సరిచేయాలని, రేపు పొద్దున్నే కార్యాలయానికి వివరంగా రాద్దామని అన్నది. విచారణ ఇవాళ మూడింటికేనని ఈమె గుర్తు చేసింది. మేడమ్ కలం కిందపెట్టింది.

“మీరు ఖాయంగా చెప్పగలరా, అతన్నే కొట్టారని?”

ప్రూఫమ్మ అబద్ధం ఆడదామనుకుంది. నోరు రాలేదు.

“లేదు మేడమ్. ఆ అక్షరాలు చూసి ఎవరూ ఖాయంగా చెప్పలేరు. నా భయమూ అదే. మనకి ఖాయంగా తెలియనిదాన్ని అది ఖాయంగా చెప్పేసింది.”

మేడమ్ అప్పటికప్పుడు కార్యాలయానికి ఫోను చేసింది. విచారణాధికారి ఎవరితోనో సమావేశంలో ఉన్నాడట, చెబుతామన్నారు. ఆమె ఫోను పెట్టేసి, కబురు అందజేశాం, ఇప్పటికి మన బాధ్యత తీరిందని అన్నది. తర్వాత గొంతు తగ్గించి ఇంకో మాట కూడా చెప్పింది. పరిశోధనశాల మనుషులు ఫిర్యాదుదారులను గానీ కార్యాలయం వాళ్లను గానీ నేరుగా కలవకూడదని ఒప్పందంలో రాసుకున్నారు. గీత దాటితే ఒప్పందం పోతుంది. ఒప్పందం పోతే ఈ రెండు గదుల్లో ముందు పోయేది ప్రూఫమ్మ తాత్కాలిక ఉద్యోగమే. మేడమ్ బెదిరించడానికి అనలేదు. అందుకే అది ఇంకా గట్టిగా తగిలింది.

మెట్ల మీద నిలబడి ప్రూఫమ్మ భర్తకు ఫోను చేసింది. అతను ఎక్కడో లిఫ్టు గొయ్యిలో ఉన్నాడు, మాట గుయ్యిమంటున్నది. జరిగింది రెండు ముక్కల్లో చెప్పింది. వెళితే ఉద్యోగం ఉండదేమోనండీ అన్నది. అవతల ఏదో ఇనుము చప్పుడైంది.

“లిఫ్టు ఆపేస్తే జనం తిడతారు,” అన్నాడతను. “ఆగాల్సిన చోట ఆగకపోతే జనం పడతారు. నేను పాతికేళ్లుగా తిట్లే తింటున్నాను. బాగానే అరుగుతున్నాయి.”

ఆమె సంచీ తీసుకుంది. లెక్కలాయన సున్నా ఉన్న కాగితం అచ్చుతీసి, ఏమీ అనకుండా ఆమె చేతిలో పెట్టాడు. అప్పుడు టైము రెండుంబావు.

బస్సు రేవు రోడ్డు మలుపు దాకా బాగానే వచ్చింది. అక్కడ ఒక పెద్ద లారీ అడ్డంగా ఇరుక్కుపోయి, వెనక వాహనాలు బారులుతీరి ఉన్నాయి. రెండూ నలభై. కండక్టరు తాపీగా కిటికీలోంచి తల పెట్టి చూస్తున్నాడు. ఆమె దిగి నడిచింది. నడక కాస్తా పరుగైంది. మోకాళ్ల నొప్పులని మందు రాసుకునే మనిషి, సంచీ చంకలో ఇరికించుకుని, దారిలో వాళ్లు చూసి నవ్వుతున్నా పట్టించుకోకుండా పరుగెత్తింది. తను ఆలస్యమైతే ఆ మనిషి చేత ఏదో కాగితం మీద వేలిముద్ర వేయించేస్తారనీ, అందులో ఏముందో అతనికి ఎవరూ చెప్పరనీ అదే ఆలోచన.

కార్యాలయం గుమ్మంలో కాపలామనిషి పేరు రాయమన్నాడు. రాసింది. పనేమిటో రాయమన్నాడు. ఏం రాయాలో తోచక ‘ప్రూఫు దిద్దడం’ అని రాసింది. అతను అది చదివి, అచ్చాఫీసు వాళ్లు రెండో అంతస్తు అని పంపించాడు. విచారణ గదీ రెండో అంతస్తులోనే ఉంది. అదృష్టమంటే అదే.

తలుపు తోసేసరికి మూడూ అయిదు. పొడుగాటి బల్ల వెనక విచారణాధికారి, చాలా రోజులుగా నిద్ర చాలని ముఖం. ఒక పక్క గోదాము మేస్త్రీ. ఇంకో పక్క ఎడమ చేతికి కట్టుతో, మెడలోంచి వేలాడే గుడ్డలో ఆ చేతిని పెట్టుకుని, ఒక బక్కపలచని మనిషి. అధికారి ముందున్న కాగితం మీద సంతకాల చోటు ఖాళీగా ఉంది. ఆమెకు ఊపిరి అందలేదు. ఎవరు మీరని అధికారి అడిగాడు.

“మీ కంప్యూటరుకి అరబీ నేర్పింది నేనేనండి,” అన్నది. “తప్పు నేర్పాను.”

మేస్త్రీ లేచి, ఇది వాళ్లకు వీళ్లకు సంబంధం లేని వ్యవహారమని మొదలుపెట్టాడు. అధికారి చేత్తో కూర్చోమన్నాడు. రెండు నిమిషాలిస్తానన్నాడు. ఆమె వాక్యం చూపించింది, తలకట్లూ కొమ్మూ చెప్పింది, లేని తోక చెప్పింది, సున్నా ఉన్న కాగితం ఇచ్చింది. అతను కళ్లద్దాలు తుడుచుకుంటూ విన్నాడు. ఆరోజు తలుపు దగ్గర గొడవ జరిగిందనీ, ఈ మనిషే మొదలుపెట్టాడనీ గోదాము వాళ్లు కూడా రాసిచ్చారని చెప్పాడు. దెబ్బలు తిన్న ఆ ఆడమనిషి ఎవరని ఆమె అడిగింది. ఇంకా తేలలేదన్నాడు. అనేశాక తన మాట తనకే కొంచెం తేడాగా వినిపించిందేమో, కుర్చీలో సర్దుకున్నాడు. రాసింది అతనే కదా, అతన్నే పైకి చదవమందాం, గుర్తులు నోట్లో బయటపడతాయి కదా అన్నాడు.

నిజమే అనిపించింది ఆమెకు. కాగితం అతని ముందు పెట్టారు. అతను ముగ్గురి ముఖాలూ చూసి, భయం భయంగా, గొంతులోనే చదివాడు. ఆమె చెవులు రిక్కించి విన్నది. రోజూ మాట్లాడుకునే యాసలో అచ్చులన్నీ మింగేసి చదివాడతను. ‘ద్రబ్త్’ అన్నట్టుంది. అందులో తలకట్టూ లేదు, కొమ్మూ లేదు. ముప్పై ఏళ్లు గుర్తులు దిద్దిన మనిషికి, నిజమైన మనిషి నోట్లో ఆ గుర్తులే దొరకలేదు.

ఏం తేలిందని అధికారి అడిగాడు. ఏమీ తేలలేదని ఆమె ఒప్పుకోవాల్సి వచ్చింది. మేస్త్రీ కలం తీసి కాగితం వైపు జరిపాడు. అధికారి గడియారం చూసుకున్నాడు.

ఆమె కుర్చీ లాక్కుని ఆ మనిషి ఎదురుగా కూర్చుంది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఇంకొక మనిషితో అరబీలో మాట్లాడబోతున్నది. నాలుక మీదికి మొదటి వాచకంలోని ప్రశ్నల పాఠం వచ్చింది. ఒక్కొక్క అచ్చూ విడివిడిగా, అచ్చుపుస్తకం చదివినట్టు అడిగింది.

“మన్ దరబ?”

ఎవరు కొట్టారు అని. అతను ఉలిక్కిపడి తల ఎత్తాడు. తాతలనాటి గ్రంథమేదో నోరు విప్పినట్టు చూశాడు. తర్వాత అతని చూపు మేస్త్రీ మీదికి వెళ్లి, అక్కడి నుంచి నేల మీదికి దిగిపోయింది. జవాబు చెప్పలేదు. మేస్త్రీ దగ్గాడు. అతను ఇంకా కిందికి చూశాడు.

తప్పు ప్రశ్న అడిగానని ఆమెకు అర్థమైంది. కొట్టించినవాడు ఎదురుగా కూర్చుని ఉండగా ఎవరు కొట్టారంటే ఎవడు చెబుతాడు? ఒక్క క్షణం ఆగి, రెండోది అడిగింది.

“మన్ సకత?”

ఎవరు పడిపోయారు అని. అది చెప్పడానికి అతను ఎవరికీ భయపడనక్కర్లేదు. అతను కుడిచేయి ఎత్తి, కట్టు కట్టిన చేతి మీద పెట్టుకున్నాడు.

“అనా,” అన్నాడు. ఆమెకు వినిపించలేదనుకున్నాడో ఏమో, గుండె మీద వేలు పెట్టి మళ్లీ అన్నాడు. “అనా.”

దానికి తర్జుమా అక్కర్లేకపోయింది. అధికారి అతని వేలి వంక చూసి, ముందున్న కాగితం మడిచి సొరుగులో పెట్టాడు. దుబాసీని పిలిపించేదాకా విచారణ వాయిదా, అప్పటిదాకా ఇతని పని ఇతనికి ఉంటుందని చెప్పి, ఆ రెండు ముక్కలూ రాసి మేస్త్రీ చేత సంతకం పెట్టించాడు. ఆ సంతకం పడేదాకా ప్రూఫమ్మ కుర్చీలోంచి లేవలేదు.

కిందికి దిగాక, వసారాలో ఆ మనిషి ఆమెతో ఏదో గబగబా చెప్పాడు. ఆమెకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నెమ్మదిగా చెప్పమని వాచకంలోని వాక్యం వెతుక్కుని అడిగేలోపు అతనికి బస్సు వచ్చేసింది.

వారం తర్వాత ఒక కొత్త దుబాసీ వచ్చాడు. అప్పుడు ఆ కూలీ అంతా చెప్పాడు. అదనంగా మూటలు మోయనన్నందుకు మేస్త్రీ మనుషులు ఇద్దరు కొట్టారు. చేయి రెండు చోట్ల విరిగింది. మేస్త్రీని ఆ గోదాము నుంచి తీసేశారు.

ఆ గురువారం సాయంత్రం మాత్రం సంతకాలు జరగలేదు. విచారణాధికారే ఫోను చేసి ఆపించాడు. వచ్చిన పెద్దలు టీ తాగి వెళ్లిపోయారు. మేడమ్ నాలుగు రోజులు ప్రూఫమ్మతో మాట్లాడలేదు. ఆ నాలుగు రోజులూ ఆమె పొద్దున వచ్చి తన బల్ల సొరుగు సర్దుకోవడం, సాయంత్రం మళ్లీ అందులో అన్నీ పెట్టడం, ఇదే పని. ఇంటికి పొమ్మంటే తీసుకుపోవడానికి ఎన్ని వస్తువులున్నాయో లెక్కేసుకుంది. ఒక భూతద్దం, రెండు కలాలు, ఒక చిన్న దిండు.

అయిదో రోజు మేడమ్ లోపలికి పిలిచి, జరిగిన దాని మీద నివేదిక రాయమంది. ప్రూఫమ్మ రాసుకునే వచ్చింది. మొదటి వాక్యమే ఇలా ఉంది: ‘ఈ తప్పుకు మూలమైన సూత్రం నాది.’ మేడమ్ అది చదివి, చాలాసేపు కలం చేతిలో తిప్పుతూ కూర్చుంది. గడువు కోసం తొందరపెట్టింది ఎవరో, తేడాలు తగ్గాయని పండగ చేసుకుంది ఎవరో ఇద్దరికీ తెలుసు. ‘నాది’ కొట్టేసి ‘మాది’ అని రాసింది.

“మీరు వెళ్లకుండా ఉండాల్సింది అని మూడు రోజులు అనుకున్నాను,” అన్నది తల ఎత్తకుండా. “నేనే వెళ్లి ఉండాల్సింది అని నాలుగో రోజు అనిపించింది.”

నాలుగువేల వాక్యాలూ మళ్లీ మొదటి నుంచి దిద్దాలని తేల్చారు. రిటైరైన మాస్టారిని బతిమాలి వెనక్కి పిలిచారు. ఆయన వచ్చి, నేను ముందే చెప్పానని ఒక్కసారి కూడా అనలేదు. అనకపోవడమే ఎక్కువ పొడిచిందని ప్రూఫమ్మ భర్తతో చెప్పుకుంది. ఇప్పుడు అనుమానం ఉన్నచోట ప్రోగ్రాము ఆగిపోయి, మనిషిని అడగండి అని చూపిస్తుంది. నూటికి తొంభై ఆరు కాస్తా ఎనభై ఎనిమిదైంది. ఆ అంకెను మేడమ్ ఏ సభలోనూ దాచలేదు.

అసలు కష్టమైన పని ఇంకొకటి మిగిలింది. ఆ ఆరు నెలల్లో ప్రోగ్రాము చదివేసిన ఫిర్యాదులు పదకొండువందల నలభై. అవన్నీ దుబాసీ, ప్రూఫమ్మ కలిసి కూర్చుని చదివారు. అతను వాళ్ల యాసలో పైకి చదివేవాడు, ఆమె అక్షరాలు చూసేది. ఇలాగే తిరగబడినవి ఇంకా తొమ్మిది బయటపడ్డాయి. ఏడు సరిదిద్దడానికి వీలైంది. ఇద్దరు మాత్రం అప్పటికే పని పోయి, ఉన్న గది ఖాళీచేసి ఎటో వెళ్లిపోయారు.

ఆ ఇద్దరి ఫోన్లకూ ఆమె రోజూ చేసేది. ఒక నంబరు అసలు మోగేదే కాదు. ఆ మనిషి ఏమయ్యాడో ఈనాటికీ తెలియలేదు. రెండో నంబరు ఇరవై రోజుల తర్వాత ఎవరో ఎత్తారు. అతనే. వేరే ఊళ్లో ఇటుకల పనికి కుదిరాడట. ఆమె వాచకపు అరబీలో, పక్కన దుబాసీ అందిస్తుంటే, ఏం జరిగిందో మొత్తం చెప్పింది. నన్ను దోచుకున్నారని మీరు రాస్తే, నేను దోచుకున్నానని మేం చదివాం అని చెప్పింది. అతను మధ్యలో ఒక్కసారి కూడా అడ్డురాలేదు. ఫోను కట్టయిందేమోనని ఆమె రెండుసార్లు చూసుకుంది. చివరికి అతను ఒకటే అడిగాడు. అప్పట్లో గోదాములో తనతో పనిచేసినవాళ్లు తనను దొంగ అనుకుంటున్నారు, వాళ్లకి కూడా ఈ సంగతి ఎవరైనా చెబుతారా అని.

దుబాసీ ఆమె వంక చూశాడు. చెబుతామని అతనికి చెప్పమంది ఆమె. తర్వాత, ఉండండి నేనే చెబుతాను అని ఫోను దగ్గరికి లాక్కుంది. మర్నాడు మధ్యాహ్నం ఆ గోదాములో కూలీలు భోజనానికి కూర్చునే వేళకి, ఇద్దరూ కలిసి అక్కడికి వెళ్లారు.